వంకకొమ్ము బర్రె పర్దా

మా క్వార్టర్ల ఏ గోడ సూసినా ఒక బాతిక్ గుడ్డ ఏలాడుతుంటది. వచ్చినోళ్లంతా "అబ్బా, ఇల్లు మంచిగ సజాయించుకున్నవ్ చెల్లె" అంటరు. నిజం చెప్పాలంటే అది సోకు కాదు. ఓపెన్‌కాస్టుల పగటీలి బొగ్గుకోసం బ్లాస్టింగ్ పెట్టినప్పుడల్లా అటక మీది గిన్నెలు గల్లుమంటయి, గోడలు పగుళ్లిస్తయి. సిమెంటు పూసినా, సున్నమేసినా కొన్ని దినాలకు మళ్ల అదే కథ. అందుకే పగులు కనవడ్డకాడల్లా ఒక గుడ్డ తగిలిచ్చిన. టీవీ ఎనుక చేపలు, మంచం మీద ఆకులు, దేవుని అర్ర పక్కన తామరపువ్వు. కనవడకుంటే బుగులు తగ్గుతదనుకున్న. తగ్గలే. నాది పుట్టుకతోనే బుగులు పానం.

గోదావరిఖనిల మా కాలనీ ఆడోళ్లకు కుట్టుడు, అల్లుడు నేర్పే సెంటర్ ఒకటున్నది. ఆడనే నేర్చుకున్న బాతిక్. చెప్పుకుంటే పెద్ద ఇద్యేం కాదు. గుడ్డ మీద కాగిన మైనంతోని బొమ్మ గియ్యాలె. మైనం పెట్టినకాడ రంగు ఎక్కది, పెట్టనికాడ ఎక్కుతది, గంతే. కాని నాలాంటిదానికి గా మైనం కాగవెట్టుడే ఒక పరీక్ష. ఎక్కువ కాగితే పొగ లేసి మంట అంటుకుంటది. తక్కువ కాగితే పోగులల్లకు దిగదు, మీదనే పెచ్చు కడుతది. రంగు నీళ్లు చల్లగ ఉండాలె, ఏడిగుంటే మైనం కరిగి చేసిందంతా ఆగమైతది. సరిగ్గ కుంచె చేతిల వట్టుకున్నప్పుడే బ్లాస్టింగ్ పేలి చెయ్యి వణికి, పువ్వు మీద ఒక చుక్క రాలుతది. ఆరేద్దామని బయటేస్తే బొగ్గు దుమ్ము వచ్చి మైనానికి అతుక్కుంటది. అయినా ఇడిసిపెట్టలే. కుంచె చేతిల ఉన్నంతసేపు నా మనసు ఎటూ పోక, చేతి మీదనే ఉంటుండె.

ఇగ అసలు ఫికర్ మా అత్తది.

మా అత్త మా మామ బొగ్గు నింపేటి కార్మికునిగ ఉన్న కాలం సంది ఈ కాలనీలనే ఉన్నది. అప్పట్ల క్వార్టర్ ఎనుక కొట్టం ఏసి ఒక బర్రెను సాదిందట. దానికి ఒక కొమ్ము కిందికి వంగి చెవుకు తాకుతుండెనట. మూడు లైన్లకు ఆమెనే పాలు పోసేది. ఆ బర్రె ఎప్పుడో సచ్చిపోయింది, కొట్టం కూడ పోయింది, మామ పోయిండు. అత్త మతి కూడ కొద్దికొద్దిగ పోవుడు షురువైంది.

మొదట్ల నవ్వులాటగనే ఉండె. నల్లాకాడికి పోయి వచ్చి వేరేటోళ్ల ఇంట్లకు దూరి, "పొయ్యి గీడికెవలు జరిపిన్రే?" అని ఆ ఇంటామెనే తిట్టేది. వాళ్లు నవ్వి చాయ పోసి తోలుకొచ్చి అప్పజెప్పేటోళ్లు. ఆమె తప్పేమున్నది? మా లైన్ల ఏ క్వార్టర్ సూసినా ఒక్కతీరుగనే ఉంటది. అదే తలుపు, అదే కిటికి, అదే రంగు. నంబరు సదువుదామంటే ఆమెకు సదువు రాదు. నేనే పెండ్లయిన కొత్తల్ల రెండుమాట్ల తప్పుటింటికి పోయిన.

గని ఒకనాడు ఆమె ఇల్లు దొర్కక నడిసీ నడిసీ బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డెక్కింది. టిప్పర్ డ్రైవర్ బ్రేక్ కొట్టి, దిగి, చెయ్యి పట్టుకోని పక్కకు తెచ్చిండట. ఎవలో గుర్తువట్టి మాకు ఫోన్ చేసిన్రు. నేను పోయేసరికి రోడ్డు పక్కన మట్టిల కూసోని, "బర్రెకు కుడితి పెట్టాలె, పొద్దుపోతున్నది" అంటున్నది. ఆ దినం సంది ఇంట్ల నుంచి ఆమె సప్పుడు ఇనవడకుంటే నాకు ఊపిరాడకపోయేది. స్నానానికి పోయినా నల్లా బందువెట్టి ఇనేది, లోపట దగ్గుతుందా లేదా అని.

నస్పూర్‌ల ఉండే మా ఆడిబిడ్డ "తాళమెయ్యి వదినా, ఇగేం చేస్తవ్" అన్నది. ఒక్కమాటు ఏసిన. బియ్యం తేను పోయి వచ్చేసరికి ముసల్ది తలుపుకు గోళ్లు వెట్టి గీకుతున్నది, "కప్పు కూలింది, తియ్యుండ్రి, తియ్యుండ్రి" అని. తన పెనిమిటి బొగ్గుబాయి కతలు ఎన్ని ఇన్నదో ఏమో. ఆ గొంతు ఇన్నంక మళ్ల తాళం ముట్టలే. బాయిలనే పనిచేసే మా ఆయనైతే ఆ తాళాన్ని పట్కపోయి ఎవలికో ఇచ్చేసిండు.

గప్పుడు తట్టింది నాకు, తలుపులన్నీ ఒక్కతీరుగున్నయి కదా, మన తలుపుకొక గుర్తు పెడదామని. తలుపు రంగు మార్చద్దంటరు. పర్దా అయితే మన ఇష్టం. మొదలు సెంటర్ల నేర్పిన నెమలి వేసిన. అత్త దాని ముంగట నుంచే పక్కింటికి పోయింది. తర్వాత ఎర్ర మందారాలు వేసిన. "ఎవలింట్ల పెండ్లే?" అని అడిగి మళ్ల పోయింది. నాకు ఏడుపొచ్చింది. వేసిన గుడ్డను చూసుకుంట కూసున్న. పక్కకు కూసోని అత్త రోజు అడిగేటిదే అడిగింది, "పిల్లా, బర్రెకు కుడితి వెట్టినవా?"

ఇగ ఆగలే. మంచిర్యాలకు పోయి రంగులు తెచ్చిన. గుడ్డను ఉడికిచ్చి గంజి పోగొట్టి ఆరేసి, బర్రెను గీసిన. ఎట్లుండె, ఏం కత అని అత్తనే అడుగుకుంట గీసిన. కోడలు పేరు యాదికి లేని మనిషికి బర్రె పొదుగు ఎంతుండెనో చేతులతోని చూపెట్టొచ్చింది. కొమ్ము కాడికి వచ్చేసరికి నా చేతిల పెన్సిల్ గుంజుకోని తనే వంపు గీసింది. కండ్ల తెలుపు మీద ముందుగాల మైనం పెట్టి, గుడ్డనంతా పసుపురంగుల ముంచిన. అది ఆరినంక బర్రె బొమ్మను ఇడిసిపెట్టి చుట్టూతా మైనం పూసి, నల్లరంగుల ఏసిన. మైనం అక్కడక్కడ చిట్లి నల్లరంగు సన్నసన్నగ పసుపులకు పాకింది. ఇస్త్రీపెట్టె కింద పాత పేపర్లు వెట్టి మైనమంతా గుంజేసరికి ఎండల నిలవడ్డట్టు బర్రె తేలింది. నా చేత్తోని చేసినవాట్ల గంత మంచిగ ఏదీ రాలే, ఇప్పటికీ అదే మాటంట.

తలుపుకు కట్టిన. అత్త నల్లాకాడికెళ్లి వచ్చింది. లైన్ అంచుల నిలవడి ఇటటు చూసింది. నేను కిటికిల నుంచి చూస్తున్న, దేవుడా, దేవుడా అనుకుంట. సక్కగ వచ్చింది. పర్దా ముంగట నిలవడి బర్రె ముక్కును రాసి, "దీన్ని ఎండల ఎందుకు కట్టేసిన్రే, ఇద్దరిద్దరుండి గింత సోయి లేదా?" అని నన్ను తిట్టి లోపటికి వచ్చింది. ఆ తిట్టుకు నేను ఎగిరిన! పొద్దుమీకి మా ఆయనకు పరమాన్నం వండి పెట్టిన.

సంబురం ఎక్వ దినాలు ఉండలే. పక్కింటక్క వచ్చింది. పక్కింటక్క అంటే నాకు తోడవుట్టినదాని లెక్క, ఇప్పుడు హాస్టల్ల ఉన్న నా పిల్లల కాన్పులకు కాళ్లకాడ కూసున్న మనిషి. పర్దాను చూసుకుంట తలుపుల నిలవడ్డది, లోపటికి రాలే.

"చెల్లె, ఏం బొమ్మేసినవే గిది?"

"బర్రె అక్కా. మా అత్త బర్రె."

"బాయికి పోయేటోని గడపకు యముని వాహనమా? నీకు పిచ్చిగిట్ల లేసిందా?"

నేను బిత్తరపోయిన. ఒట్టు, నాకు ఆ సోయే రాలే. పాలు, పొదుగు, కొమ్ము, అత్త. నా తలకాయల గివే ఉండె. "అది దున్నపోతు కాదక్కా, బర్రె. పొదుగు సూడు" అన్న. ఆమె నవ్వలే. ఆమె నాయన బాయిలనే పోయిండు, ఆమె చిన్నపిల్లగ ఉన్నప్పుడు. "పొదుగు నీకు కనవడ్తది చెల్లె. మొదటి షిఫ్టుకు చీకట్ల పోయేటోనికి ఏం కనవడ్తది? మా ఆయన మీ వాకిట్ల నుంచే పోవాలె" అన్నది. అని ఎల్లిపోయింది.

తెల్లారేసరికి లైనంతా అదే ముచ్చట. "యముడు మీ ఇంట్ల కిరాయికుంటుండా ఏంది?" అని ఒకామె. డ్యూటీకి పోయే మొగోళ్లు బండ్లు మలుపుకోని ఎనుక గల్లీల నుంచి పోవుడు మొదలువెట్టిన్రు. మా ఆయన మాత్రం పకపక నవ్విండు. "బర్రె పాలిస్తది గాని పానం తీస్తదా? ఉండనియ్యే, మా అమ్మ ఇల్లు గుర్తువడుతున్నది, గది చాలు" అన్నడు. ఆ మాటకు నిమ్మలపడ్డ. గని ఒకనాడు పొద్దుగాల ఆయన డ్యూటీకి పోతుంటే సూసిన. పర్దా అంచును రెండేళ్లతోని పట్టుకోని, బర్రె తగలకుంట పక్కకు ఒదిగి బయటికి పోయిండు.

తీసేస్తే అత్త రోడ్డు మీదికి పోతది. ఉంచితే ఆయన బాయిల ఉన్నంతసేపు నాకు పానం మీదికే. రెండు దిక్కుల గుంజితే గుడ్డ పోగుల్లెక్క అయ్యింది నా బతుకు. ఆఖరికి ఒక ఉపాయం చేసిన. షిఫ్టు మారే యాళ్లకు పర్దాను పైకి మలిచి రాడ్ మీద ఏసేది. మొగోళ్లంతా పోయినంక కిందికి ఇడిసేది. పొద్దుగాల, పగటీలి, మల్ల రాత్రి. అలారం వెట్టుకోని మరీ. పక్కింటక్క అది చూసి మల్ల మాట్లాడుడు షురువెట్టింది గాని, పర్దా కిందికున్నప్పుడు మా గడప తొక్కేది కాదు.

గిట్ల నడుస్తుంటే, ఒకనాడు ఆయనది మొదటి షిఫ్టు. అత్త తిని పండుకున్నది. నేను పొయ్యి మీద మైనం పెట్టిన. గల్లీల ఎవలో ఉరుకుతున్న సప్పుడు, "బాయిల కప్పు కూలిందట" అని. ఏ బాయి అని అడిగిన. ఆయన పోయే బాయే.

ఫోన్ చేద్దామంటే బాయిలకు ఫోన్లు పట్కపోనియ్యరు. పొయ్యి బందుచేసిన, అదొక్కటి ఎట్ల యాదుకొచ్చిందో తెల్వదు. బయటికి ఉరికిన. ఎదురుంగ బర్రె. పసుపుల నల్లగ నిలవడి, తెల్లగుడ్లతోని నన్నే సూస్తున్నది. నా చేత్తోని నేనే తెచ్చి కట్టుకున్న అనిపించింది. నువ్వున్నంతసేపు ఆయన మీదికి రాడు అనుకున్న. రెండు చేతులతోని పట్టి గుంజిన. రాడ్ మొలలతోని సహా ఊడొచ్చింది, గోడ పెచ్చు రాలింది. పర్దాను ముద్దజేసి బట్టలుతికే బండ మీదికి ఇసిరేసి, చెప్పుల్లేకుంట ఆటో ఎక్కిన.

బాయి గేటుకాడ నాలెక్క ఇంకా మంది ఉన్నరు. ఎవల మొకంల రక్తం లేదు. ఒకడు పర్వాలే అంటడు, ఒకడు ఏం చెప్పడు. నేను మొక్కని దేవుడు లేడు. సర్చీకి పోయే ఒకామె నా చెయ్యి పట్టుకోని ప్రార్థన చేస్తుంటే దానికీ ఆమెన్ అన్న. ఎంతసేపు నిలవడ్డనో ఏమో, ఒక్కొక్కలే మీదికి వచ్చుడు మొదలైంది. బొగ్గు తీసి ఇడిసిపెట్టిన దిక్కు కప్పు పడ్డదట, అక్కడ మనుషులెవలూ లేరట, అయినా అందర్ని పైకి పంపుతున్నరట. మొకం నిండ మసితోని మా ఆయన వచ్చిండు. నేను అంగీ పట్టుకోని గొల్లుమన్న.

"ఏం కాలేదే, పిచ్చిదానా, ఏం కాలే" అన్నడు. జర ఊపిరి తీసుకున్నంక, "అమ్మకాడ ఎవలున్నరు?" అని అడిగిండు.

అమ్మకాడ ఎవలూ లేరు. తలుపు తీసే ఉన్నది. తలుపుకు పర్దా లేదు.

ఆయన ఒక్క తిట్టు తిట్టినా బాగుండు. బండి తీసిండు. తొవ్వ పొంటి టిప్పర్లు దుమ్ము లేపుకుంట పోతున్నయి. ప్రతి టిప్పర్ ముంగట నాకు ఆమె తెల్లజుట్టే కనవడ్డది. పక్కల ముసలోళ్లు ఎవలు నడిసినా ఆపమన్న. ఇంటికి పోతే లోపట మంచం ఉత్తగున్నది, దుప్పటి కింద పడి ఉన్నది. బాత్రూంల లేదు. ఎనుక లేదు. ఆయన "అమ్మా" అని ఒర్రుకుంట రోడ్డు దిక్కు ఉరికిండు. నేను లైనంట ఉరికిన, అందరివీ ఒక్కతీరు తలుపులు. అత్త ఎట్ల తిరిగిందో అట్లనే తిరిగిన నేను. ఒక దిక్కు పోయి మల్ల ఎనుకకు మర్రినప్పుడు కనవడ్డది.

పక్కింటక్క తలుపుకు నా బర్రె పర్దా ఏలాడుతున్నది.

నా కండ్లను నేను నమ్మలే. పర్దా లేపి లోపటికి పోతే, అత్త పీట మీద కూసోని గిన్నెల బుక్కబుక్క అన్నం తింటున్నది. పక్కకు అక్క గోడకు ఆనుకోని కూసున్నది. నేను అత్త కాళ్ల మీద వడ్డ. అత్త "తిననియ్యి పిల్లా, ఇంకా బర్రె పని ఉన్నది" అన్నది. ఆయన్ను పిలిచిన, ఉరికొచ్చి తల్లి నెత్తిని నిమిరి, బయట గద్దె మీద కూసున్నడు.

అక్క చెప్పింది. నేను ఆటో ఎక్కినంక అత్త లేసి బయటికి వచ్చిందట. ఇంటి ముంగటనే నిలవడి ఇల్లు గుర్తువట్టలేదట. ఒక్కొక్క తలుపు సూసుకుంట రోడ్డు దిక్కు పోతుంటే అక్క పోయి చెయ్యి పట్టుకున్నదట. "ఎవలే నువ్వు, ఇడువు" అని అత్త కొరికిందట. ముంజేతి మీద పండ్ల గాట్లు ఎర్రగనే ఉన్నయి. ఆమె బలాన పట్టే మనిషి కాదని అక్కకు తెల్సు. ఏం చెయ్యాల్నో తోచక సూస్తే, మా బండ మీద పర్దా కనవడ్డదట. మా తలుపుకు కడుదామంటే నేను రాడ్‌తోని సహా పీకేసిన. అందుకని తన తలుపుకే కట్టింది. కట్టి, "అవ్వా, నీ బర్రె గిక్కడున్నది" అని ఒర్రిందట. అత్త మర్రి సూసి, గునగున నడిసొచ్చి లోపట కూసున్నదట.

నేను అక్క చేతులు పట్టుకున్న. ఆమె చూపంతా పర్దా మీదనే ఉన్నది. గప్పుడు కొట్టింది నాకు. ఆమె పెనిమిటిది వేరే బాయి, రెండో షిఫ్టు.

"అక్కా, అన్న?"

"బువ్వ డబ్బ వట్టుకోని బయిలెల్లే యాళ్ల అది" అన్నది. "తీద్దామంటే అవ్వ లేస్తది. ఆగుమన్న, ఆలిశమైతదన్నడు. నేనే పర్దా లేపి పట్టుకున్న చెల్లె. దాని కిందికెళ్లే పోయిండు."

బాయిల నాయనను పోగొట్టుకున్న మనిషి. బర్రె బొమ్మ ఉన్న మా గడప తొక్కని మనిషి.

నేను దిగ్గున లేసిన. "ఇప్పుడే తీసేస్త అక్కా, మా అత్తను పట్కపోత, ఆయన ఉన్నడు కదా" అని పర్దా మీద చెయ్యేసిన. ఆమె నా చెయ్యి మీద కొట్టింది.

"ముట్టకు! ఆయన దాని కిందికెళ్లి పోయిండు. దాని కిందికెళ్లే రావాలె. గప్పటిదాక దాన్ని కదిపితే నా పానం పోతది చెల్లె. ఉండనియ్యి."

మా ఆయన తల్లిని పట్టుకోని మా ఇంట్లకు తీస్కపోయిండు. కొంచెంసేపటికి ఆయన నీళ్లు పోసుకునే సప్పుడు, అత్త ఏదో అడిగితే నవ్వే సప్పుడు గోడ అవుతల నుంచి ఇనవడ్డది. ఆ సప్పుడు నాకు ఎంత కమ్మగున్నదో, అక్క మొకం సూస్తే గంత సిగ్గయింది. ఆమె కూడ ఇంటున్నది.

"పోరాదు చెల్లె, ఆయన ఆకలి మీదుంటడు" అన్నది.

నేను పోలే. ఆమె పక్కకు గడపల కూసున్న, పర్దా మా ఇద్దరి ఈపులకు తగులుకుంట. రెండో షిఫ్టు దిగేదాక లేవలే.